లారీ బోర్డుకు తాళం.. రైతు నెత్తిన భారం

ఎరువుల కోసం రైతులు ఎదురుచూసే ఈ రోజుల్లో రైతు సంఘం పత్రికలో లారీ వైరింగ్ గురించి రాయడమేమిటని కొందరు అడగవచ్చు. కారణం ఉంది. విశాఖ పోర్టులో దిగిన ఎరువు మన ఊరికి రావాలన్నా, మన బెల్లం, మొక్కజొన్న, రొయ్యలు మార్కెట్‌కు పోవాలన్నా ఎక్కడో ఒకచోట లారీ ఎక్కాల్సిందే. లారీ ఆగితే కిరాయి పెరుగుతుంది. పెరిగిన కిరాయిని వ్యాపారి తన జేబులోంచి పెట్టుకోడు, మనకిచ్చే ధరలో కోసుకుంటాడు. అందుకే లారీ మరమ్మతు ఎవరి చేతిలో ఉండాలన్నది లారీ యజమానుల సమస్య మాత్రమే కాదు, రైతు సమస్య కూడా అని మేం అంటున్నాం.

1933లో మొదలైన విశాఖ రేవుకు నేడు బొగ్గు, ఖనిజాలతో పాటు ఎరువులూ ఓడల్లో వస్తాయి. రైలు రేకుల్లో వెళ్లిన సరుకును కూడా గూడ్స్ షెడ్డు నుంచి గోదాములకు, సొసైటీలకు మోసేది లారీలే. అనకాపల్లి మార్కెట్ నుంచి బెల్లం ఒడిశా, బెంగాల్ దాకా పోతుంది. గోదావరి జిల్లాల చెరువుల్లో పట్టిన రొయ్య ఐసులో విశాఖ చేరి ఓడ ఎక్కుతుంది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఈ సరుకు మోసే బళ్లలో పాతవి ఎన్నో. ఒకటీ రెండూ లారీలున్న చిన్న యజమాని సెకండ్ హ్యాండ్‌లో ఫైనాన్స్‌కు కొని, నెలనెలా కిస్తీ కట్టుకుంటూ నడిపే బళ్లివి. వ్యవసాయం గిట్టక స్టీరింగ్ పట్టిన రైతుబిడ్డలు వీరిలో తక్కువేమీ లేరు.

ఏమిటీ బోర్డు?

పాత తరం లారీలో హెడ్‌లైట్ స్విచ్ వేస్తే కరెంటు ఫ్యూజు, రిలే మీదుగా నేరుగా బల్బుకు వెళ్లేది. లైటు వెలగకపోతే ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపు పట్టుకుని వైరు వెంట వెళ్లి లోపం పట్టేసేవాడు. తర్వాత వచ్చిన చాలా మోడళ్లలో ఆ పద్ధతి మారింది. స్విచ్ వేస్తే డాష్‌బోర్డు లోపలున్న ఒక ఎలక్ట్రానిక్ డబ్బాకు సంకేతం మాత్రమే వెళుతుంది. లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్ వంటి వాటికి కరెంటు ఇవ్వాలా వద్దా అన్నది ఆ డబ్బా నిర్ణయిస్తుంది. దాని పేరు బాడీ కంట్రోల్ మాడ్యూల్. షెడ్లలో మనవాళ్లు ‘బోర్డు’ అంటారు. కొన్ని బళ్లలో తాళంచెవిని గుర్తుపట్టి ఇంజిన్ స్టార్ట్ కానిచ్చే పని కూడా దీనికే అప్పగించారు.

విశాఖ లాంటి చోట ఈ బోర్డుకు శత్రువులు ఎక్కువ. సముద్రపు ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులు పచ్చపచ్చగా తుప్పు పడతాయి. బొగ్గు, ఖనిజాల ధూళి తడితో కలిసి లోపలికి చేరుతుంది. వానాకాలం అద్దం రబ్బరు సందుల్లోంచి కారిన నీరు నేరుగా డాష్‌బోర్డులోకి దిగుతుంది. బ్యాటరీ టెర్మినల్ తీయకుండా బాడీకి వెల్డింగ్ పెట్టడం, అదనపు లైట్ల కోసం దొరికిన వైరు కోసి అతికించడం కూడా బోర్డును దెబ్బతీస్తాయి. ఫలితం డ్రైవర్లకు తెలుసు. వైపర్లు వాటంతటవే తిరుగుతాయి, ఇండికేటర్లు ఆగిపోతాయి, రాత్రి ఆపిన బండికి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. నడిరోడ్డు మీద హెడ్‌లైట్లు ఆరిపోతే అది ప్రాణాల మీదకు వచ్చే సంగతి.

తాళం ఎక్కడుంది?

ఎరువుల లోడుతో బయలుదేరిన పదేళ్ల నాటి లారీ ఒకటి గాజువాక దాటకముందే లైట్లు పోయి ఆగిందనుకుందాం. దగ్గర్లోనే ఆటోనగర్ ఉంది. ఇంజిన్ విప్పి బిగించగల మేస్త్రీలు, వైరింగ్ మొత్తం కొత్తగా అల్లగల ఎలక్ట్రీషియన్లు అక్కడున్నారు. వారిలో ఒకరు బోర్డు పోయిందని తేల్చారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. కొత్త బోర్డు తెచ్చి బిగించగానే పని అయిపోదు. ఇది ఫలానా చాసిస్ నంబరు బండి, దీనికి ఫలానా పరికరాలున్నాయి, ఫలానా తాళంచెవి దీనిదే అని ఆ బోర్డుకు సాఫ్ట్‌వేర్ ద్వారా చెప్పాలి. ఆ సాఫ్ట్‌వేర్, దాని పాస్‌వర్డు చాలాసార్లు కంపెనీ సర్వీసు సెంటర్ చేతిలోనే ఉంటాయి. తుక్కుకు వెళ్లిన లారీ నుంచి మంచి బోర్డు తెచ్చి పెట్టినా దానిలో పాత బండి వివరాలుంటాయి కాబట్టి చాలా మోడళ్లలో అది సరిగా పనిచేయదు. స్క్రూలు విప్పి బిగించడం అరగంట పని. అనుమతి కోసం ఎదురుచూపు రోజుల తరబడి. ఆ రోజులన్నీ డ్రైవర్ బత్తా, కిస్తీ యజమాని మీద పడతాయి. ఎరువు అందక పైరు ఎదుగుదల తప్పితే ఆ నష్టం రైతుది.

బోర్డు లోపల పాడైంది ఒక్కోసారి ఒక చిన్న రిలే, లేదా వదులైన టాంకా మాత్రమే. దాన్ని మార్చగల పనితనం మన ఊళ్లలో ఉంది. అయినా సర్క్యూట్ వివరాలు బయటకు ఇవ్వరు. పూర్తి బోర్డు కొనమంటారు. పాత మోడల్ కాబట్టి స్టాకు లేదని కూడా వాళ్లే అంటారు.

మార్చే ముందు మనం చూసుకోవలసినవి

పోరాటం ఒక పక్క ఉండగానే చేతిలో ఉన్న జాగ్రత్తలు వదులుకోవద్దు. బోర్డు పోయిందన్న మాట వినగానే డబ్బు తీయకండి. ముందు బ్యాటరీ ఓల్టేజీ, డైనమో చార్జింగ్, ఫ్యూజులు, ఎర్త్ బోల్టులు చూపించండి. తుప్పు పట్టిన ఎర్త్ కూడా బోర్డు పోయినట్టే నాటకమాడిస్తుంది. కనెక్టర్లు విప్పి శుభ్రం చేయించండి. బోర్డు మార్చక తప్పకపోతే, పాతది ఇంకా స్కానర్‌కు పలుకుతుంటే దానిలోని వివరాలు ముందుగా చదివించి భద్రపరచమనండి. పార్టు నంబరు అక్షరం అక్షరం సరిచూడండి. బ్యాటరీ తీసిన తర్వాతే కనెక్టరు పీకాలి. వెల్డింగ్ పనికి కూడా ఇదే నియమం. పాత బోర్డును, బిల్లును అడిగి తీసుకోండి.

నేడు లారీ, రేపు ట్రాక్టర్

లారీతోనే ఈ సంగతి ఆగదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక లారీల్లో సెన్సర్లు, బోర్డులు మరింత పెరిగాయి. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త ఉద్గార ప్రమాణాలు అమలయ్యాయి. వాటిలోనూ ఎలక్ట్రానిక్ ఇంజిన్లు వచ్చేశాయి. గాలి శుభ్రంగా ఉండాలన్న ఆ ప్రమాణాలకు మేం వ్యతిరేకం కాదు. కోతల వేళ హార్వెస్టర్ ఆగిపోయి, వాన మబ్బు నెత్తిన ఉండగా, ల్యాప్‌టాప్ పట్టుకుని ఎవరో నగరం నుంచి రావాలని ఎదురుచూసే రోజు రాకూడదన్నదే మా మాట.

చట్టం ఏమంటోంది?

కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేయడం పోటీని దెబ్బతీస్తుందని చెప్పింది. వాటిని అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై కమిటీ వేసింది. గుర్తించిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా ప్రారంభించారు. కానీ పోర్టల్‌లో కంపెనీ ఫోన్ నంబరు దొరికినంత మాత్రాన బోర్డు తాళం తెరుచుకోదు. ఇవ్వకపోతే శిక్ష ఉంటుందని చెప్పే చట్టం కావాలి.

బయట దేశాల్లో రైతులే ముందు నడిచారు. ట్రాక్టర్లను సొంతంగా బాగుచేసుకునే హక్కు కోసం అమెరికా రైతులు ఏళ్ల తరబడి గొంతెత్తారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. అది 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మరమ్మతులపై ఆంక్షల విషయంలో ట్రాక్టర్ల దిగ్గజం జాన్ డీర్ కంపెనీపై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో దావా వేసింది.

కంపెనీలు రెండు అభ్యంతరాలు చెబుతాయి. తాళంచెవి కోడ్‌లు బయటపెడితే దొంగతనాలు పెరుగుతాయన్నది మొదటిది. ఈ భయం నిరాధారం కాదు. అందుకే ఆర్‌సీ, యజమాని గుర్తింపు చూసి, ఎవరికి ఇచ్చారో నమోదు చేసి కోడ్ ఇవ్వమంటున్నాం. దొంగ భయంతో యజమానికే తాళంచెవి ఇవ్వకపోవడం న్యాయం కాదు. తెలియనివాళ్లు చేయి పెడితే ప్రమాదమన్నది రెండోది. అలాగైతే తెలియజెప్పండి, శిక్షణ ఇవ్వండి. లైట్లు లేని లారీని తాడు కట్టి లాక్కుపోవడం కంటే పెద్ద ప్రమాదమేముంది?

ఇంకోవైపు కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ రుసుమును రూ.12,500కు పెంచింది. లైట్లు, వైపర్లు పనిచేయనిదే ఫిట్‌నెస్ రాదు. అవి పనిచేయాలంటే బోర్డు కావాలి. బోర్డు దొరకదు. బండి బాగుచేసుకునే దారి మూసేసి, పాతదైపోయింది కాబట్టి తుక్కుకు వేయమనడం చిన్న యజమానిని రోడ్డున పడేయడమే.

మా డిమాండ్లు

1. మరమ్మతు హక్కుకు చట్టబద్ధత కల్పించాలి. లారీలు, ట్రాక్టర్లు, హార్వెస్టర్లను అందులో స్పష్టంగా చేర్చాలి.

2. మోడల్ తయారీ ఆగినా కనీసం 15 ఏళ్లపాటు బోర్డులు, సాఫ్ట్‌వేర్ అందించే బాధ్యత కంపెనీలదే కావాలి.

3. స్కానర్లు, సర్క్యూట్ వివరాలు సరసమైన ధరకు స్వతంత్ర మెకానిక్కులకు ఇవ్వాలి. వివరాలు తెలుగులో ఉండాలి.

4. విశాఖ ఆటోనగర్‌తో మొదలుపెట్టి రాష్ట్రంలోని ఆటోనగర్లన్నిటిలో ప్రభుత్వ ఐటీఐల సాయంతో ఉమ్మడి ఎలక్ట్రానిక్ మరమ్మతు కేంద్రాలు, శిక్షణ ఏర్పాటు చేయాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకునే ఒంటి లారీ యజమాని 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడే. విడిభాగం ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లులు, తేదీలు, వాళ్లు ఇచ్చిన జవాబు రాతపూర్వకంగా దగ్గర పెట్టుకోండి. ఒక నకలు మండల సంఘానికి ఇవ్వండి. ఒక్కొక్కరిగా అడిగితే స్టాకు లేదంటారు. లారీ యజమానులు, మెకానిక్కులు, రైతులు కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.