సప్రెసర్‌కు తొడుగు: వేడిని దాస్తే చాలదు

అమెరికా సైన్యం 2022 ఏప్రిల్‌లో సిగ్ సావర్‌కు ఇచ్చిన 6.8 మి.మీ. రైఫిళ్ల కాంట్రాక్టులో సప్రెసర్ కూడా భాగమే. శబ్దం తగ్గుతుంది సరే, వేడి మాటేమిటి? వాయువులు గొట్టంలోనే చిక్కుకోవడంతో వరుసగా కాలిస్తే అది వందల డిగ్రీలకు చేరుతుంది. తగిలితే చెయ్యి కాలుతుంది. పైకి లేచే వేడిగాలికి స్కోపులో లక్ష్యం ఎండమావిలా కదులుతుంది. థర్మల్ కెమెరాకైతే గొట్టం దీపమే.

అందుకే తొడుగు. మామూలు నైలాన్ 220–265 డిగ్రీలకే కరిగి లోహానికి అతుక్కుంటుంది. లోపలి పొర గాజునారో, సిలికాదో అయితేనే నిలుస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది: తొడుగు వేడిని దాస్తుందే గానీ తగ్గించదు. ఆగి ఆగి కాల్చే స్నైపర్‌కు అది మేలే. ఎడతెగకుండా కాల్చేవారికి గాలి ఆడేలా సందు వదిలిన లోహపు కవచమే నయం.

అదే సంస్థ నుంచి 2019లో 72,400, 2024లో మరో 73,000 రైఫిళ్లకు ఒప్పందం చేసుకున్న మన సైన్యం రేపు సప్రెసర్లు కొనాల్సి వస్తే, టెండరులో ‘ఎన్ని డిగ్రీలు’ అన్నదానితో పాటు ‘ఎన్ని తూటాల తర్వాత, ఎంతసేపు’ అని కూడా అడగాలి.