ఇద్దరు డాక్టర్లు ఒక్కటైతే వాడ ఎటు పోవాలి?

ఆస్టర్, కేర్ ఆసుపత్రుల విలీనాన్ని 2024 నవంబరులో ప్రకటించారు. పదివేలకు పైగా పడకల వ్యవహారం కాబట్టి కాంపిటీషన్ కమిషన్ పరిశీలించింది. మండల కేంద్రంలో రెండు క్లినిక్‌లు కలిసిపోతే అడిగేవాళ్లే లేరు. అంత చిన్న లావాదేవీ ఆ కమిషన్ దాకా పోదు.

మాదిగవాడ కూలీకి రెండో డాక్టరు ఉండటమే బలం. ఒకరు అప్పు పెట్టకపోయినా, చెయ్యి పట్టి చూడకుండా దూరం నుంచే మందులు రాసిచ్చినా ఇంకొకరి దగ్గరకు పోవచ్చు. ఇప్పుడు బోర్డు ఒకటే, ల్యాబ్ ఒకటే, ఫీజూ ఒకటే. పరీక్షలన్నీ ఒకేచోట అయిపోతాయి, నిజమే, ఒక పూట కూలి మిగులుతుంది. కానీ జ్వరానికి కట్టే ఓపీ ఫీజు ఆరోగ్యశ్రీలోకి రాదు.

తెలంగాణలో అమలవుతున్న 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రేట్లు తెలుగులోనూ రాసిపెట్టాలి. విద్యార్థి సంఘాలు ముందుగా ఆ గోడ చూసి రావాలి.