ఐదు నిమిషాల మౌనం

మన కోటవురట్లకు దగ్గర్లోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో, లక్క రంగులతో అక్కడ చేసే బొమ్మలకు నోరు కదలదు. వాటి తరఫున మాట్లాడేది పిల్లలే. పెద్దవాడొకడు ఆ పని మొదలుపెట్టి ఇక మానలేకపోతే ఏమవుతుందో చూపిన సినిమా 1978 నాటి ‘మ్యాజిక్’. దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో. నాలుగేళ్లకు ఆయనే తీసిన ‘గాంధీ’ మనందరికీ తెలుసు. ‘మ్యాజిక్’ పేరెత్తేవారే తక్కువ.

విలియం గోల్డ్‌మన్ తన నవలకు తానే స్క్రీన్‌ప్లే రాశాడు. బిడియస్తుడైన గారడీవాడు కోర్కీగా ఆంథోనీ హాప్కిన్స్ నటించాడు. ఫ్యాట్స్ అనే చెక్కబొమ్మ చేతికొచ్చాకే కోర్కీకి చప్పట్లు దక్కుతాయి. టీవీ అవకాశం తలుపు తడుతుంది. వైద్య పరీక్ష తప్పదనగానే పారిపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన ఏజెంటు కోరేది ఒక్కటే: ఐదు నిమిషాలు ఆ బొమ్మ నోరు మూయించు. కత్తి లేదు, నెత్తురు లేదు. ఓ మనిషి ఊరికే కూర్చోవాలి, అంతే. నవ్వబోతాడు, మాట మార్చబోతాడు, లోపల ఏదో ఉబికి వస్తుంటుంది. ఐదు నిమిషాలు గడవనే గడవవు. హాప్కిన్స్ నటనలో ఇంతకన్నా భయంకరమైన ఘట్టం మేం చూడలేదు.

మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క ఎన్ని మోటు మాటలన్నా ఆడించేవాడు తెర వెనకే ఉంటాడు. ఆట అయ్యాక బొమ్మలు పెట్టెలోకి వెళ్తాయి. కోర్కీలా పెదవులు కదపకుండా బొమ్మ చేత మాట్లాడించే వెంట్రిలాక్విస్టుకు తెర లేదు. పెదవులు కలిస్తేగాని పలకని ప, బ, మలను కూడా నాలుకతోనే సర్దుకుంటూ మన ఎదుటే కూర్చుంటాడు. మనం మాత్రం బొమ్మనే చూస్తాం. కోర్కీ కూడా బొమ్మనే చూడసాగాడు. అతని పతనం అక్కడే మొదలైంది.

మన సినిమా దెయ్యాలకు ఓ గతం, ఓ పగ, చివర్లో శాంతి ఉంటాయి. మనసు జబ్బని చెప్పిన ‘చంద్రముఖి’ (2005) కూడా నయం చేశాకే మనల్ని ఇంటికి పంపింది. ‘మ్యాజిక్’ ఆ ఊరట ఇవ్వదు. బొమ్మలో ఏమీ లేదని తెలుస్తూనే ఉన్నా భయం తగ్గదు.

కథకులకు మా వినతి. పాడుబడ్డ బంగళాలూ అమావాస్య రాత్రులూ మాకు చాలానే వస్తున్నాయి. తన గొంతు మీద తనకే పట్టు తప్పిన మనిషి కథ రాయండి, పంపండి. ముందుగా దాన్నే వేసుకుంటాం.