జాయ్‌స్టిక్‌కి బ్యాకప్ లేదు

మొన్నామధ్య ఓ తప్పు పని చేశాను. పైగా నా ఇంజినీరింగు తెలివంతా వాడి మరీ చేశాను. అందుకే ఈ గోల.

షికాగో శివార్లలో మా సీనియర్ ఒకాయన ఉన్నాడు. నెల్లూరాయన, ఆఫీసులో తెలుగువాళ్ళందరం "అన్నా" అంటాం. ఆయన గరాజ్‌లో ఓ పాత పాక్‌మాన్ మెషిన్ ఉంది. టీవీకి తగిలించుకునే బుల్లి వీడియోగేమ్ కాదండోయ్, బీరువా అంత ఎత్తుండే, క్వార్టర్ బిళ్ళ వేసి ఆడే అసలు సిసలు ఆర్కేడ్ మెషిన్. 1980లో జపాన్‌లో నామ్‌కో వాళ్ళు చేసిన ఆట అది. అమెరికాలో దాన్ని తయారుచేసి అమ్మింది మిడ్‌వే కంపెనీ. అప్పట్లో ఆ కంపెనీ ఉండేది షికాగో పక్కనే, ఫ్రాంక్లిన్ పార్కులో.

ఆ మెషిన్ జాయ్‌స్టిక్ మొరాయించింది. ఎడమకి తోస్తే ఒకసారి తిరుగుతాడు, రెండుసార్లు తిరగడు. "ఏం చేద్దాం తమ్ముడూ?" అన్నాడు అన్న. నేను క్షణం కూడా ఆలోచించలేదు. "నలభై ఏళ్ళ నాటి సామాను అన్నా, పీకేసి కొత్తది పెడదాం." ఎనిమిది దిక్కులకీ కదిలే జాయ్‌స్టిక్, టిక్కు టిక్కుమనే మైక్రోస్విచ్‌లతో, చవగ్గా దొరికింది. దాని బోల్టులు ప్యానెల్‌కున్న పాత బెజ్జాలకి సరిపోలేదు. డ్రిల్లు నా చేతిలోనే ఉంది. ఇంకేం కావాలి?

తీరా ఆడి చూస్తే పాక్‌మాన్ మలుపు తిరగాల్సిన చోట తిరక్కుండా నేరుగా పోయి దయ్యం నోట్లో పడుతున్నాడు. అన్న నన్నేమీ అనలేదు. ఆడటం మానేశాడు, అంతే. అదే ఎక్కువ బాధగా అనిపించింది.

కారణం తర్వాత అర్థమైంది. పాక్‌మాన్‌కి నాలుగే దిక్కులు. పాత జాయ్‌స్టిక్ కూడా నాలుగు వైపులకే పోయేలా చేసింది, మూలలకి పోనివ్వదు. "పైకీ, ఎడమకీ ఒకేసారి" అనే ఇన్‌పుట్ ప్రోగ్రాం దాకా రాకుండా ఆపేది ఆ కర్ర కదిలే తీరే. అంటే మన భాషలో, ఇన్‌పుట్ వాలిడేషన్‌ని ఇనుములో రాశారన్నమాట. నేను ఆ వాలిడేషన్ పీకి చెత్తబుట్ట పక్కన పెట్టాను. కోడ్‌లో ఒక్క బైటు మారలేదు, ఆట మాత్రం మారిపోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మలుపు రావడానికి కాస్త ముందే కర్ర తోసి ఉంచితే పాక్‌మాన్ మూలని కోసుకుంటూ వెళ్తాడు. దయ్యాలకి ఆ వసతి లేదు. మలుపు మలుపుకీ మిగిలే ఆ కాసిని పిక్సెళ్ళే ప్రాణం కాపాడతాయి. సెకనుకి 60 సార్లు తెర మారే ఆటలో చెయ్యి తడబడితే ఆ లాభం హుళక్కే.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, మనకి "ఆట" అంటే కోడే. 1997లో నికోలా సాల్మోరియా అనే ఇటలీ ఆయన మొదలుపెట్టిన మేమ్ ఎమ్యులేటర్ పుణ్యమా అని ఈ ఆటల రామ్‌లు (ఆర్ ఓ ఎమ్ అండీ, రాముడు కాదు) బిట్టు పొల్లుపోకుండా భద్రంగా ఉన్నాయి. పాక్‌మాన్ 256వ లెవెల్లో ఒక బైటు కౌంటర్ నిండిపోయి సగం తెర చెత్తయిపోయే బగ్గు కూడా అలాగే ఉంది. బావుంది. మరి చేతికి తెలిసే సగాన్ని ఏ ఫైల్లో దాస్తారు? గాట్‌లీబ్ వాళ్ళ క్యూబర్ట్ (1982) జాయ్‌స్టిక్‌ని కావాలనే 45 డిగ్రీలు తిప్పి బిగించారు. దాన్ని "సరిచేసి" నిటారుగా పెట్టి చూడండి, పిచ్చెక్కుతుంది. విలియమ్స్ వాళ్ళ సినిస్టార్ జాయ్‌స్టిక్‌కి 49 స్థానాలు, ఏడేళ్ళ నలభై తొమ్మిది. దాని స్థానంలో నేను కొన్నలాంటిది పెడితే మిగిలేవి ఎనిమిది దిక్కులూ, నడిమధ్యా. నలభై స్థానాలు గోవిందా.

సరే, పాతదాన్ని విప్పాం. లోపల మైక్రోస్విచ్‌లు లేవు, లీఫ్ స్విచ్‌లు ఉన్నాయి. స్ప్రింగులా వంగే పల్చటి రెండు రేకులు, వాటి కొసన చిన్న చిన్న కాంటాక్టు బిళ్ళలు. కర్ర ఒక రేకుని నెడితే అది రెండోదానికి తగులుతుంది. టిక్కుమనదు. ఎంత నెడితే తగలాలో రేకుని కాస్త వంచి మనమే పెట్టుకోవచ్చు. మా నాన్న పాత స్కూటర్‌కి మెకానిక్ పాయింట్లు గరుకు కాగితంతో రుద్దడం గుర్తొచ్చి అదే చేయబోయాను. అదృష్టం బాగుండి ముందు చదివాను: ఆ పూత లేచిపోతే స్విచ్ పని అయిపోయినట్టే. విజిటింగ్ కార్డు బిళ్ళల మధ్య పెట్టి, మెల్లగా అదిమి లాగితే చాలు. కంపెనీ అచ్చేయించి ఇచ్చిన కార్డులు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాయి. నల్లటి మడ్డి వచ్చింది. కర్రని నడిమికి తెచ్చే రబ్బరు గట్టిపడి పగిలింది, కొత్తది వేశాం. గొప్ప పనేం కాదు, ఒక్క మధ్యాహ్నం పట్టింది.

రబ్బరు కూడా 1980 నాటిదే కావాలని పట్టుబట్టే కలెక్టర్లున్నారు. నాకది చాదస్తమనిపిస్తుంది. ఆ రోజుల్లో మెషిన్లు నడిపినవాళ్ళే అరిగిన జాయ్‌స్టిక్ తీసి వికో కంపెనీ విడిభాగాలు వేసుకునేవాళ్ళు. నాలుగు దిక్కులదీ, లీఫ్ స్విచ్‌లదీ అయితే నాకు అభ్యంతరం లేదు. కావాల్సింది ఆ ఇనుము వయసు కాదు, చేతికి అది చెప్పే జవాబు. కాకపోతే పీకిన ప్రతి ముక్కనీ ఓ కవర్లో వేసి మెషిన్ లోపలే కట్టి ఉంచండి. ప్యానెల్‌కి కొత్త బెజ్జం మాత్రం పెట్టకండి. దానికి రోల్‌బ్యాక్ లేదు.

అన్న మళ్ళీ ఆడుతున్నాడు. నేను పెట్టిన రెండు బెజ్జాలూ ఎర్ర బంతి పక్కనే, పాత బొమ్మల స్టిక్కర్‌ని చీల్చుకుని అలాగే ఉన్నాయి. వాటిలో రెండు నల్ల బోల్టులు బిగించాడు. కొత్తగా ఎవరైనా వచ్చి "ఇవెందుకు?" అని అడిగితే "తమ్ముణ్ణి అడగండి" అంటాడు.