చీరాల ఎండలో వర్క్‌స్టేషన్ లాప్‌టాప్

సొంత ఊళ్ళో ఉండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు, చేసుకుందామనుకుంటున్నవాళ్ళు ఈమధ్య తరచూ ఒక మాట అడుగుతున్నారు. "మంచి పవర్‌ఫుల్ లాప్‌టాప్ ఏది కొనాలి? బడ్జెట్ పర్లేదు" అని. నేను మోడల్ పేరు చెప్పకుండా, మే నెల మధ్యాహ్నం మీ గదిలో వేడి ఎంతుంటుంది, ఇన్వర్టర్ ఏ రకం, పిన్‌కోడ్ ఎంత అని అడుగుతాను. పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినట్టుందన్నాడొక మిత్రుడు :-)

అయినా నా అభిప్రాయం అదే. పెద్ద లాప్‌టాప్ కొనేటప్పుడు మనం దాని వేగం చూస్తాం. చూడాల్సింది మన ఇంట్లో, మన కరెంటుతో రోజంతా ఎంత వేగం నిలబెడుతుందని, పాడైతే ఎన్ని రోజులు పని ఆగుతుందని. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ళకి ఈ రెండో లెక్క పెద్దగా అక్కర్లేదు. చీరాల లాంటి ఊళ్ళో కూర్చున్నవాళ్ళకి ఉద్యోగం ఈ లెక్క మీదే నిలబడుతుంది.

ముందు ఈ జాతి గురించి నాలుగు మాటలు. మామూలు లాప్‌టాప్ కంటే బరువైనవి, ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీల సర్టిఫికేషన్ ఉన్నవి, ఎక్కువ మెమరీ పట్టేవి అయిన యంత్రాలని మొబైల్ వర్క్‌స్టేషన్లంటారు. లెనోవో థింక్‌ప్యాడ్ పి సిరీస్, హెచ్‌పీ జెడ్‌బుక్, డెల్ ప్రెసిషన్ (2025లో డెల్ ప్రో మాక్స్ అని పేరు మార్చారు) ఈ కోవలోవి. 2015లో వచ్చిన థింక్‌ప్యాడ్ పి50లో నాలుగు మెమరీ స్లాట్లు, 64 జీబీ వరకు పెట్టుకునే వీలు, కావాలంటే జియాన్ ప్రాసెసర్ ఉండేవి. బరువు రెండున్నర కిలోలు, అడాప్టర్ 170 వాట్లు. ఆ అడాప్టర్‌ని మా ఇంట్లో ఇటుక అనేవాళ్ళు.

"ఇంట్లోనే కూర్చుంటే డెస్క్‌టాప్ చాలదా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. అదే డబ్బుకి డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుంది, చల్లగా ఉంటుంది, ఏ భాగం పోయినా మార్చుకోవచ్చు. ఊరు కదలనివాళ్ళు, మంచి యూపీఎస్ ఉన్నవాళ్ళు డెస్క్‌టాపే కొనుక్కోండి, ఇక్కడితో చదవడం ఆపేసినా ఏమీ అనుకోను. కానీ నెలకోసారి హైదరాబాదు ఆఫీసులో మొహం చూపించాలి, మధ్యలో చెన్నై వెళ్ళాలి, కరెంటు పోయినప్పుడు బిల్డ్ ఆగకూడదు అనేవాళ్ళకి వర్క్‌స్టేషన్ లాప్‌టాప్ అర్థవంతమే. క్లౌడ్‌లో పెద్ద మిషన్ అద్దెకి తీసుకోవడం ఇంకో దారి. ఫైబర్ కేబుల్ తెగనంత కాలం అది బాగానే ఉంటుంది. రోడ్డు తవ్విన రోజు మాత్రం చేతిలో ఉన్నదే మన కంప్యూటర్.

ఇప్పుడు వేడి సంగతి. చాలా లాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్ కాగితం చివర, ఎవరూ చదవని చోట, పనిచేసే ఉష్ణోగ్రత అని ఒక వరస ఉంటుంది. ఎక్కువ వాటికి పైహద్దు 35 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మన వైపు. 40 దాటిన రోజుల్లో, పైన రేకులో, ఎండకి కాగిన స్లాబో ఉన్న గదిలో, ఆ కాగితం ప్రకారం చూస్తే లాప్‌టాప్ తెరవనే కూడదు!

ఇందులో లెక్క సులువే. ప్రాసెసర్‌కి భరించే హద్దు ఇంచుమించు 100 డిగ్రీలు. అది దగ్గరపడగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లోపలి వేడికి, గది గాలికి మధ్య తేడా ఎంత ఉంటే ఫ్యాను అంత వేడిని బయటికి తోస్తుంది. గది 25 డిగ్రీలుంటే తేడా 75. గది 40 ఉంటే తేడా 60. అంటే అదే ఫ్యాను, అదే రాగి గొట్టాలు అయిదో వంతు తక్కువ వేడిని తోస్తాయి. మనం డబ్బు పోసి కొన్న శక్తిలో కొంత మే నెల గాలికే పోయిందన్నమాట. రివ్యూలు రాసేవాళ్ళు చల్లటి గదుల్లో పరీక్షిస్తారు, వాళ్ళ అంకెలు మనకి నవంబరు, డిసెంబరుల్లో పనికొస్తాయి.

అందుకే పలచటి లాప్‌టాప్‌లో ఐ9 అంటే నాకు నమ్మకం లేదు. ఉదాహరణకి ఇంటెల్ 12వ తరం ఐ9-12900హెచ్ కి మూల శక్తి 45 వాట్లు, గరిష్ఠం 115 వాట్లు. ఆ 115 కాసేపే. పది సెకన్ల పనికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఇరవై నిమిషాల సీ ప్లస్ ప్లస్ బిల్డ్‌కి, పక్కన రెండు వర్చువల్ మిషన్లు నడిచే పనికి చివరికి మిగిలేది ఆ ఒళ్ళు చల్లబరచగలిగినంతే. ఒక మెట్టు కింది ప్రాసెసర్ ఉన్న మందపాటి లాప్‌టాప్ చాలాసార్లు దీన్ని దాటేస్తుంది. చూడ్డానికి ఇస్త్రీపెట్టెలా ఉంటుంది, ఉండనివ్వండి.

వేడి తర్వాత దుమ్ము. చీరాల చేనేత ఊరు, చుట్టుపక్కల పల్లెలతో సహా. మగ్గాలున్న వీధుల్లో గాలిలో నూలు పీచు తేలుతుంటుంది. కంటికి కనపడదు కానీ మూడు నెలల తర్వాత లాప్‌టాప్ అడుగు మూత తీస్తే హీట్‌సింక్ రెక్కల ముందు పల్చటి దుప్పటిలా పేరుకుని ఉంటుంది. మామూలు దుమ్ము ఊదితే పోతుంది, ఇది ఊదితే పోదు, బ్రష్షుతో లాగాలి. కాబట్టి మామూలు స్క్రూలతో మూత ఊడే మోడలే కొనండి. శుభ్రం చేసేటప్పుడు ఛార్జర్ తీసేసి, వీలైతే లోపలి బ్యాటరీ కనెక్టరూ ఊడదీసి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. దీనికి తోడు వాడరేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి. కిటికీ ఊచలకి పట్టిన తుప్పు చూస్తే పోర్టులకి ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. రోజూ నడిచే మిషన్ తన వేడికి తానే పొడిగా ఉంటుంది. సంచిలో పెట్టి నెలలు మూసేసినదే ముందు పాడవుతుంది.

మా పక్కింటి బాబాయ్‌ది గుంట మగ్గం. ఒకరోజు నా గదిలోకొచ్చి ఫ్యాను మోత విని, "ఏందిరా అబ్బాయ్, ఇంత మోత మోగతంది?" అన్నాడు. దాని గొప్పలు చెప్పాను. అన్నీ విని, "సరే, ఇది ఆగిపోతే ఈ ఊళ్ళో ఎవురు బాగుచేస్తారు? నా మగ్గమైతే సగం నేనే చూసుకుంటా, మిగతాది వడ్లాయన చూస్తాడు" అన్నాడు. వానాకాలం గుంటలో నీళ్ళూరితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. ఆయన ఏ పనిముట్టునైనా ఆగిపోయిన రోజుల్లో లెక్కేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క లాప్‌టాప్ రివ్యూలో కూడా నేను ఈ ప్రశ్న చూడలేదు.

దాని జవాబు నాకు ఒక రిలీజ్ వారంలో తెలిసింది. తెర ఆరిపోయింది. నా వారంటీ మూడేళ్ళది, మర్నాటి పనిదినానికి మనిషి ఇంటికొచ్చి బాగుచేసే రకం, దానికి విడిగా డబ్బు కట్టాను. కంపెనీ పేరెందుకు గానీ, ఫోనులో అంతా మర్యాదగానే మాట్లాడారు. మనిషి వచ్చాడు, భాగం రాలేదు. భాగం వచ్చింది, అది వేరే మోడల్‌ది. మొత్తం ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ పాత లాప్‌టాప్‌తో నెట్టుకొచ్చాను. లేకపోతే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. 2020లో అందరూ ఇళ్ళకి చేరారు, 2023 నుంచి పెద్ద కంపెనీలు చాలావరకు వెనక్కి రమ్మన్నాయి. ఇంకా ఊళ్ళో ఉండనిచ్చారంటే మన మీద ఒక కన్నేసే ఉంచారని అర్థం. ఆఫీసులో ఒకడి మిషన్ పోతే అది ఐటీ వాళ్ళ సమస్య. చీరాలలో మన మిషన్ పోతే "అందుకే ఆఫీసుకి రమ్మనేది" అంటారు. పోయేది ఆరు రోజుల పని కాదు, అమ్మానాన్నల దగ్గర ఉండే వెసులుబాటు.

కాబట్టి కొనేముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి, ఇంటికొచ్చే సర్వీసు ఉందా, మనిషి ఏ ఊరి నుంచి వస్తాడు, భాగాలు ఎక్కడి నుంచి వస్తాయి అని. జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. కంపెనీ ఇచ్చే లాప్‌టాప్ అయితే, పెద్దది అడిగే బదులు రెండోది అడగండి. పాతదైనా సరే, సెటప్ చేసి బీరువాలో ఉండాలి.

కరెంటు లెక్క కూడా చూద్దాం. ఇంట్లో మామూలుగా ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1800 వాట్ అవర్లు. ఇన్వర్టర్ నష్టం, పూర్తిగా ఖాళీ చేయకూడదనే నియమం తీసేస్తే వెయ్యి, పదకొండు వందలు మిగులుతాయి. పూర్తి లోడులో లాప్‌టాప్ 150, సీలింగ్ ఫ్యాను 70, రౌటరు, లైటు కలిపి 20 అనుకుంటే 240 వాట్లు. అంటే నాలుగు గంటల పైచిలుకు, అదీ బ్యాటరీ కొత్తదైతే. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే తీసుకోండి, స్క్వేర్ వేవ్ మీద అడాప్టర్లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి. ఇంకొకటి, పాత ఇళ్ళలో ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. లోహపు ఒళ్ళున్న లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. లాప్‌టాప్ మార్చే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉంచేవాళ్ళు బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి. లిథియం బ్యాటరీకి నిండు ఛార్జి, వేడి రెండూ కలిస్తే ఆయుష్షు తగ్గుతుంది.

ఇక మిగిలిన ఖర్చు దేనిమీద? నా ఓటు మెమరీకి. ఎమ్యులేటర్లు, డాకర్, వర్చువల్ మిషన్లు నడిపేవాళ్ళకి ప్రాసెసర్ కంటే ముందు నిండేది అదే. స్లాట్లున్న మోడల్ అయితే తర్వాత పెంచుకోవచ్చు. 2025 చివర్లో మెమరీ ధరలు ఎలా ఎగిశాయో చూశాం కదా, కొనేటప్పుడు రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నా మంచిదే. బోర్డుకి అతికించేసిన మెమరీ అయితే మొదటిరోజే తేల్చుకోవాలి. 2024లో థింక్‌ప్యాడ్ పి1 ఏడో తరంలో ఎల్‌పీకామ్2 అనే ఊడదీసే పలచటి మెమరీ వచ్చింది, అది మంచి దారి. గ్రాఫిక్స్ కార్డు సాలిడ్‌వర్క్స్, కాటియా, రెవిట్ వాడేవాళ్ళకి అవసరం. భాషా నమూనాలు సొంత మిషన్లో నడపాలనుకునేవాళ్ళకీ అవసరమే, వాళ్ళు కార్డు పేరు కాకుండా అందులో మెమరీ ఎంతో చూడాలి. మిగతా మనందరికీ అది వేడి, బరువు, బిల్లు.

కొత్తది కొనలేకపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో కార్పొరేట్ కంపెనీలు వాడి వదిలేసిన వర్క్‌స్టేషన్లు దొరుకుతాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కి ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అధికారికంగా వీలు. కాబట్టి విండోస్ కావాలంటే పి50 వదిలేసి పి52 చూడండి. లైనక్స్‌తో సరిపెట్టుకుంటే పి50 ఇప్పటికీ గట్టి పిండమే. బీరువాలో పెట్టుకునే ఆ రెండో మిషన్‌కి ఇంతకంటే ఏం కావాలి?

మొత్తమ్మీద నేను చెప్పేది ఇదీ. మీ మనసుకి నచ్చిన మోడల్ కంటే ఒక మెట్టు కిందిది కొనండి. మిగిలిన డబ్బు వారంటీకి, ఇన్వర్టర్‌కి, ఒక పాత స్పేర్ మిషన్‌కి పెట్టండి. బెంచ్‌మార్క్‌లో పది శాతం తగ్గుతుంది, అది మీ మేనేజర్‌కి ఎప్పటికీ తెలీదు. ఒక్క రోజు కనపడకుండా పోతే మాత్రం ఆయనకి ఆ సాయంత్రానికే తెలుస్తుంది.