టవరుకు రంగు, మాకు పరీక్ష

ఒక కట్టడం చారిత్రకమైనదని ఎవరు తేలుస్తారు? చట్టాన్నడిగితే ఒక జవాబు చెబుతుంది. గుంటూరు మహాత్మాగాంధీ రోడ్డునడిగితే ఇంకో జవాబు చెబుతుంది.

చట్టం లెక్క సులభం. 1958 నాటి కేంద్రచట్టం ప్రకారం కట్టడానికి నూరేళ్లు నిండాలి. ప్రభుత్వం నోటీసివ్వాలి, రెండు నెలలపాటు అభ్యంతరాలు వినాలి, ఆ తర్వాతే రక్షిత కట్టడమని ప్రకటించాలి. 2010 సవరణతో చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త కట్టుబడి నిషిద్ధం. ఆపైన ఇంకో రెండొందల మీటర్ల దాకా అనుమతి లేనిదే ఇటుక కదలకూడదు.

ఇక రోడ్డు లెక్క. ఆ రోడ్డు మీద జిన్నా టవరుంది. ఆరు స్తంభాలు, పైన గుమ్మటం. దేశవిభజనకు ముందు, 1940లలో లేచిన కట్టడం. నూరేళ్లు నిండలేదు కాబట్టి కేంద్రచట్టం దానివైపు చూడదు. కానీ గుంటూరు మాత్రం రోజూ చూస్తూనే ఉంది. ఆటో ఎక్కినా, గుడ్డల కొట్టుకు దారి చెప్పినా, పెళ్లిపత్రికలో అడ్రసు వేసినా 'జిన్నా టవర్ సెంటర్' అనాల్సిందే. ఆ మాట అనేటప్పుడు ఎవరికీ పాకిస్తాన్ గుర్తురాదు. మిర్చి బేరగాళ్లకి, పత్తి కమీషన్‌దార్లకి అది ఒక గుర్తు, అంతే.

2021 డిసెంబరులో భారతీయ జనతాపార్టీ నాయకులకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. పేరు మార్చాలన్నారు, లేకపోతే కూల్చాలన్నవాళ్లూ ఉన్నారు. 2022 జనవరి 26న హిందూ వాహిని కార్యకర్తలు జెండా ఎగరేస్తామని వస్తే పోలీసులు ఆపారు. ఫిబ్రవరి మొదటి వారం వచ్చేసరికి నగరపాలక సంస్థ టవరుకు మూడు రంగులు పూయించింది, జెండా ఎగరేసింది. గుంటూరు తూర్పు శాసనసభ్యుడు మహమ్మద్ ముస్తఫా దగ్గరుండి రంగులు వేయించాల్సొచ్చింది. గొడవ సద్దుమణిగిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మేం మాత్రం పీల్చుకోలేకపోయాం. జాతీయ జెండా రంగులంటే మాకు బాధ కాదు. ఆ జెండా మీది ఎంతో మాదీ అంతే. కానీ రంగులు ఎందుకు వేశారు? గోడ వెలిసిపోయి కాదు. ఆ టవరు దేశభక్తిని రుజువు చేసుకోవాలని. రాయి రుజువు చేసుకుంటే సరిపోదు, దాని నీడన బతికేవాళ్లూ చేసుకోవాలి. పరీక్ష పెట్టింది టవరుకు కాదు.

జిన్నాను సమర్థించడం నా పని కాదు. ఆయన దేశం ఆయన తీసుకుపోయాడు. ఆయన వెంట పోకుండా ఇక్కడే మిగిలినవాళ్ల బిడ్డలం మేం. అయినా చరిత్ర తెలుసుకోమనే పెద్దలు కాస్త పూర్తిగా తెలుసుకోవాలి. 1916లో తిలక్ తరఫున కోర్టులో వాదించి గెలిపించినవాడు జిన్నా. రౌలట్ చట్టానికి నిరసనగా 1919లో శాసనమండలి సభ్యత్వం వదులుకున్నవాడు జిన్నా. 1929లో భగత్‌సింగ్, ఆయన సహచరులు జైల్లో నిరాహారదీక్ష చేస్తుంటే, నిందితులు లేకుండానే విచారణ జరిపే బిల్లును కేంద్ర శాసనసభలో ఎండగట్టినవాడూ జిన్నాయే. 1940ల జిన్నా వేరు, నిజమే. ఆ తేడాని వివరించడానికే చరిత్ర కావాలి, చెరిపేయడానికి కాదు.

అటు లాహోరు చూడండి. భగత్‌సింగ్‌ను ఉరితీసిన జైలు ఉన్నచోట ఇప్పుడు షాద్‌మాన్ చౌక్ ఉంది. దానికి ఆయన పేరు పెట్టాలని అక్కడి మంచివాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. అక్కడి మతోన్మాదులు అడ్డం పడుతున్నారు. పంజాబ్ ప్రభుత్వం 2024లో ఆ ఆలోచన వదులుకున్నామని హైకోర్టుకు చెప్పేసింది. ఇక్కడ జిన్నా పనికిరాడు, అక్కడ భగత్‌సింగ్ పనికిరాడు. సరిహద్దు గీత ఒకటే గానీ బుర్ర మాత్రం రెండువైపులా ఒకేలా పనిచేస్తోంది.

టవరు కట్టించినవాడు లాల్‌జాన్ బాషా అని ఊరు చెబుతుంది. ఆయన మనవడు ఎస్.ఎం. లాల్‌జాన్ బాషా 1991లో గుంటూరు నుంచి పార్లమెంటుకు నిలబడ్డాడు. ఎదుట ఎవరనుకున్నారు? రైతు నాయకుడు ఎన్.జి. రంగా. అయినా గుంటూరు లాల్‌జాన్ బాషాను గెలిపించింది. అది అయోధ్య రథం దేశమంతా తిరిగివచ్చిన మరుసటేడు! మీ తాత కట్టిన టవరు సంగతేంటని ఈ ఊళ్లో ఓటరు అడగలేదు. మరి ముప్ఫై ఏళ్లలో మారింది టవరా, అడిగేవాళ్లా?

పేర్లు మార్చకూడదని నేననడం లేదు. 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టింది 1972లో ప్రకాశం జిల్లా అయింది. ఎవరికీ నొప్పి కలగలేదు, ఎవరినీ తక్కువ చేయడానికి మార్చింది కాదు గనక. గోల్కొండ పాలకులు కొండవీటికి ముర్తజానగర్ అని పేరు పెట్టారు. జనం నోట అది నిలవలేదు, కొండవీడు కొండవీడుగానే ఉంది. నవాబులు చేసినా తప్పు తప్పే. (నవాబులు మా తాతలని ఎవరన్నా అంటే నవ్వొస్తుంది. మా తాతలు దూదేకారు.) ఇక బ్రాడీపేట, అరండల్‌పేట ఎవరి పేర్లు? మనల్ని ఏలిన తెల్లదొరలవి. వాటికి రంగు పూయమని ఎవరూ అడగరు. అడగమని చెప్పడం లేదు కూడా.

అమరావతి స్తూపాన్ని చూడండి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు మనుషులు కట్టుబడి రాయి కోసం దిబ్బ తవ్వేశారు. మిగిలిన శిల్పాలు మద్రాసుకీ లండన్‌కీ పోయాయి. ఇవాళ అది మన గర్వం. 2015లో కేంద్రం 'హృదయ్' పథకానికి ఎంచుకున్న పన్నెండు ఊళ్లలో అమరావతి ఒకటి. సంతోషమే. కానీ ఊరు ఖాళీచేసి వెళ్లిపోయిన మతం వారసత్వం అవుతుంది, పక్కింట్లో బతికున్న మతం సమస్య అవుతుంది. ఇదెక్కడి లెక్క?

మా వీధుల సంగతి అసలే లేదు. ఈ నల్లరేగడిలో పత్తి పండినన్నాళ్లూ విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి దూదేకినవాళ్లు, మీ ఇళ్లలో పరుపులు కుట్టినవాళ్లు మేం. పత్తి రైతు చరిత్ర అయ్యాడు, పత్తి మిల్లు చరిత్ర అయింది. దూదేకుల విల్లు మాత్రం ఏ జాబితాకూ ఎక్కలేదు. మా కులం పేరు 'పింజారి' తెలుగులో తిట్టుగా నిలిచిపోయింది. అదీ ఒక స్మారకమే కాబోలు!

నూరేళ్లు నిండని కట్టడాలనూ, మొత్తంగా పాత పేటలనూ కాపాడటానికి బొంబాయి, హైదరాబాదు 1995లోనే నగరస్థాయి నిబంధనలు తెచ్చుకున్నాయి. హైదరాబాదు నిబంధన హుడా పరిధి దాటి గుంటూరు దాకా రాలేదు. అక్కడా దాన్ని 2015లో ఒక్క జీవోతో ఎత్తేశారు. అయినా ఇర్రం మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడతామన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అంటే కాగితం మీద నిబంధన ఉన్నచోట పోట్లాడటానికి కనీసం కోర్టు మెట్లు దొరుకుతాయి. గుంటూరులో దొరికింది రంగుల డబ్బా.

అందుకని అడుగుతున్నాం. నగరపాలక సంస్థ ఒక జాబితా రాయాలి. ముసాయిదాను తెలుగులోనూ ఉర్దూలోనూ వార్డు ఆఫీసుల గోడలకు అంటించాలి. మాలపల్లెలో, మాదిగపల్లెలో, దర్గాల దగ్గర, దూదేకుల వీధుల్లో కూర్చుని వినాలి. పెద్ద మేడలు చూసి రాసుకొచ్చే జాబితా మాకొద్దు. కాలేమస్తాన్ వలీ దర్గాకు మొక్కుకునేవాళ్లలో హిందువులెందరో లెక్కపెట్టమని అడగం, అది కూడా పరీక్షే అవుతుంది గనక. దర్గా దర్గాగానే జాబితాలో ఉండాలి.

జిన్నా టవరు ఎదురుగా రాయాల్సినవి నాలుగు సంగతులు. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, ఆ పేరెందుకు పెట్టారు, 2022లో రంగు ఎందుకు పూశారు. నాలుగోది దాచకుండా రాయాలి.