పెద్ద చేపకి చిన్న కెమెరా

వరదల రోజుల్లో నిడదవోలు కాలువకి ఎర్రనీళ్లొస్తాయి. మోచేతి దాకా చెయ్యి ముంచితే వేళ్లు కనపడవు. ఇంట్లో కుర్రాడు 'సముద్రంలో దిగి తిమింగలాల్ని, డాల్ఫిన్లని ఫొటో తీస్తాను, మంచి కెమెరా కొనిపెట్టండి' అని అడిగాడనుకోండి... కెమెరా షాపుకి తీసుకెళ్లే ముందు ఓసారి కాలువ గట్టుకి తీసుకెళ్లడం మంచిది. నీళ్లలో ఫొటో బాగా వస్తుందా రాదా అన్నది కెమెరా కన్నా ముందు నీళ్లే తేలుస్తాయి మరి!

నిడదవోలులో నరసాపురం రైలెక్కితే తణుకు, భీమవరం మీదుగా సముద్రానికి బాగా దగ్గరకు వెళ్లిపోవచ్చు. కానీ గోదావరి తెచ్చిపోసే ఒండ్రుతో డెల్టా తీరంలో నీళ్లు ఏడాదిలో చాలాకాలం మసకే. అందుకే నీళ్లలో దిగాలనుకునేవాళ్లు విశాఖలో రుషికొండకో, ఇంకా స్తోమతుంటే అండమాన్‌కో, లక్షద్వీప్‌కో వెళ్తారు. అక్కడా ఒక చిక్కుంది. చేపలన్నింటిలోకీ పెద్దది వేల్‌షార్క్. అంటే తిమింగలమంత సొర. పన్నెండు మీటర్లు దాటి కూడా పెరుగుతుంది. పేరుకి సొరే కానీ ప్రధానంగా తినేది ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవుల్ని. ప్లాంక్టన్ దట్టంగా ఉన్నచోట నీళ్లు పచ్చగా, చిక్కగా ఉంటాయి. అంటే చేప దొరికేచోట నీళ్లు బాగుండవు, నీళ్లు బాగున్నచోట చేప ఉంటుందన్న భరోసా లేదు.

అడవిలో పులిని తీయాలంటే పొడవాటి జూమ్ లెన్సు కావాలి. ఆ అలవాటుతోనే చాలామంది 'ఇది ఎంత జూమ్ అవుతుంది' అని అడుగుతారు. నీళ్లలో లెక్క తిరగబడుతుంది. కెమెరాకీ జంతువుకీ మధ్య ఎన్ని మీటర్ల నీళ్లుంటే అంత నలుసు, అంత మసక. జూమ్ చేస్తే ఆ మసకే పెద్దదవుతుంది. కాబట్టి దగ్గరకు వెళ్లాలి. రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడితే బస్సంత చేప ఫ్రేములో పట్టాలి కదా... దానికి బాగా వెడల్పుగా చూసే లెన్సు కావాలి. వైడ్ యాంగిల్, వీలైతే ఫిష్ ఐ.

గ్లాసు నీళ్లలో చెంచా వంగినట్టు కనిపించడం అందరూ చూసిందే. కాంతి చేసే ఆ పనే కెమెరానీ ఇబ్బంది పెడుతుంది. చదునైన అద్దం వెనక లెన్సుంటే నీళ్లలో వస్తువులు మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి. 28 మిల్లీమీటర్ల లెన్సు దాదాపు 37 లెన్సులా పనిచేస్తుంది. డబ్బుపోసి కొన్న వెడల్పు అలా కరిగిపోతుందన్నమాట. అందుకే పెద్ద కెమెరాలకి బోర్లించిన గిన్నెలాంటి గాజు డోమ్ బిగిస్తారు.

ఇక ఫ్లాష్. సంక్రాంతి ముందు పొగమంచులో కారు పెద్ద లైట్లు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. నలుసున్న నీళ్లలో ఫ్లాష్ కూడా అంతే. పైగా పది మీటర్ల చేపకి ఆ వెలుగు ఏమూలకి? ఆస్ట్రేలియాలోని నింగలూలో వేల్‌షార్క్‌ల దగ్గర ఫ్లాష్ వాడనివ్వరు. తల, ఒంటికి మూడు మీటర్లు, తోకకి నాలుగు మీటర్లు దూరం పాటించాలి. ఆ తోక తగిలితే కెమెరా సంగతి తర్వాత, మనిషి పని చూడాలి. కాబట్టి ఫ్లాష్‌లు, వాటి చేతుల ఖర్చు మొదటిసారికి మిగిలినట్టే. అయితే లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు ముందుగా ఎరుపు రంగుని మింగేస్తాయి. అయిదు మీటర్లకే తేడా తెలుస్తుంది. వేల్‌షార్క్ తరచూ పైపైనే ఈదుతుంది కనుక, ఎండ బాగా ఉన్నప్పుడు పైనీళ్లలోనే తీసుకుంటే సరిపోతుంది.

మరి ఏది కొనాలి? గోప్రో హీరో రకం యాక్షన్ కెమెరాల్లో చాలావరకు పైన తొడుగు లేకుండానే పది మీటర్ల దాకా తట్టుకుంటాయి. పైనీళ్లలో తేలుతూ ఈదేవాళ్లకి ఇది చాలు. స్కూబా నేర్చుకుని పద్దెనిమిది మీటర్లు దిగేవాళ్లు మాత్రం తొడుగు కొనాల్సిందే. 4కే వీడియో తీసి అందులోంచి ఒక ఫ్రేము ఆపితే ఎనిమిది మెగాపిక్సెళ్ల ఫొటో వస్తుంది. ఇంట్లో గోడకి పెట్టుకోవడానికి అది బాగానే సరిపోతుంది. 2023లో వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7 పదిహేను మీటర్లు తట్టుకుంటుంది కానీ పెద్ద జంతువులకి దాని ముందు ఫిష్ ఐ లెన్సు తగిలించుకోవాలి. అల్యూమినియం పెట్టెలో కూర్చోబెట్టే మిర్రర్‌లెస్ కెమెరా, డోమ్ అంటారా... స్కూటర్‌కీ కారుకీ ఉన్నంత తేడా ధరలో. పత్రికల్లో అచ్చయ్యే ఫొటోలు దాంతోనే తీస్తారు, నిజమే. కానీ మొదటి ప్రయాణానికి ఆ డబ్బు ఈత, డైవింగ్ నేర్చుకోవడానికి పెట్టినవాడికే మంచి ఫొటో దక్కుతుంది. కాలువలో ఈత వచ్చినంత మాత్రాన సముద్రమూ అంతే అనుకోకూడదు. అమెరికా బంధువులతో తెప్పించేవాళ్లు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి.

కొన్నాక మొదటి పరీక్ష బకెట్టులోనే. తొడుగుంటే కెమెరా లేకుండా ఖాళీదే ముంచి చూడాలి. దాని అంచునుండే రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక పడినా నీళ్లు లోపలికొస్తాయి. తొడుగుని ఏసీ గదిలోనే మూసి, మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి లోపల పెడితే అద్దం మీద ఆవిరి పట్టదు. సముద్రంలోంచి రాగానే మంచినీళ్లలో కాసేపు నానబెట్టాలి.

అంత కష్టపడి తీసిన ఫొటో ఆల్బమ్‌లోనే ఉండిపోనక్కర్లేదు. వేల్‌షార్క్ ఒంటి మీది తెల్లమచ్చలు మన వేలిముద్రల్లాంటివి. ఒకదానికున్నట్టు ఇంకోదానికుండవు. నక్షత్రాల గుంపుల్ని పోల్చడానికి వాడే లెక్కనే 2005లో ఈ మచ్చలకీ వాడి చేపల్ని గుర్తుపట్టి చూపించారు. దానికి కావాల్సింది ఎడమపక్క, మొప్పల వెనక భాగం స్పష్టంగా పడ్డ ఒక్క ఫొటో. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి సుమారు రెండు టన్నుల వేల్‌షార్క్ వచ్చి చిక్కుకుంది. అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. దాని ఫొటోలు మాల్దీవుల్లోని వేల్‌షార్క్ పరిశోధకులకి చేరాయి.

2001 నుంచి వేల్‌షార్క్‌కి మన దేశంలో పులితో సమానంగా చట్టరక్షణ ఉంది. ఒకప్పుడు దాన్ని జోరుగా వేటాడిన గుజరాత్ తీరంలో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వాళ్లు మత్స్యకారులకి నీళ్లలో తడిసినా పాడవని మామూలు కెమెరాలిచ్చారు. వలలో వేల్‌షార్క్ పడితే వల కోసి వదిలేయడం, వదులుతున్నప్పుడు ఫొటో తీయడం. ఆ ఫొటో చూపిస్తే తెగిన వలకి పరిహారం వస్తుంది.